పిస్టన్ వెనక్కి తోస్తే రైలింజను ముందుకెలా కదులుతుంది?

ఆవిరి రైలింజనులో సిలిండరు ముందుంటుంది, అది తిప్పే చక్రం వెనక ఉంటుంది. సిలిండరు ముందుకొసలోకి ఆవిరి రాగానే పిస్టన్ వెనక్కి జరుగుతుంది. దాని కడ్డీ, కడ్డీకి తగిలించిన కనెక్టింగ్ రాడ్, ఆ రాడ్ పట్టుకుని ఉన్న, చక్రం మీద ఇరుసుకు ఎడంగా బిగించిన క్రాంక్ పిన్ అన్నీ వెనక్కే పోతాయి. ఇన్ని భాగాలు వెనక్కి తోస్తున్నా ఇంజను మాత్రం ముందుకు సాగుతుంది. ఎలా?

థియరీ ఆఫ్ మెషీన్స్ పాఠంలో ఇలాంటి పిస్టన్, క్రాంక్ అమరికకు చెప్పే స్లైడర్-క్రాంక్ సూత్రాలన్నీ ఒప్పజెప్పగలిగినవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతారు. పాఠంలో యంత్రాన్ని నేలకు బిగించి చూపిస్తారు. బలం పిస్టన్ దగ్గర బయల్దేరి క్రాంక్ దగ్గర భ్రామకంగా, అంటే తిప్పే బలంగా తేలుతుంది, లెక్క అక్కడితో ముగుస్తుంది. రైలింజనులో ఆ బిగించిన నేలే పరుగెత్తుతుంది. అందుకే ఇక్కడ బలం ఎంత అని అడిగితే చాలదు, ఆ బలం ఎక్కడికి పోయి ఆగుతోంది అని కూడా అడగాలి. ఈ యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదని నా నమ్మకం.

లెక్కలకు నిజమైన ఇంజనునే తీసుకుందాం. మన బ్రాడ్‌గేజ్ మీద మెయిళ్లను, ఎక్స్‌ప్రెస్‌లను లాగిన డబ్ల్యూపీ తరగతి ఇంజన్లలో మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. తర్వాత చిత్తరంజన్‌లోనూ తయారయ్యాయి. మొత్తం 755 ఇంజన్లు మన పట్టాల మీద తిరిగాయి. ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి ముక్కు, దాని మధ్య నక్షత్రం చూసినవారికి గుర్తుండే ఉంటాయి. దీనికి రెండు సిలిండర్లు, రెండూ చక్రాల బయటే ఉంటాయి. సిలిండరు వ్యాసం 514 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 711 మిల్లీమీటర్లు, నడిపే చక్రం వ్యాసం 1,702 మిల్లీమీటర్లు. బాయిలరు పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 14.8 కిలోలు. ఈ పీడనం పిస్టన్ ముఖమంతటి మీదా పడితే దాదాపు 30.7 టన్నుల బలం వస్తుంది. ఒక్కొక్క సిలిండరుకు అంత!

చట్రంలో ముడిపడే బలం

ఇంజను స్టేషన్లో నిలబడి ఉంది, ఇప్పుడే కదలబోతోంది. ఒక పక్క సిలిండరునే చూద్దాం. క్రాంక్ పిన్ ఇరుసుకు సరిగ్గా కింద ఉంది. ఆవిరి సిలిండరు ముందు గదిలో ఉంది. పిస్టన్ మీద 30.7 టన్నులు వెనక్కి పడుతున్నాయి. కానీ ఆవిరి పిస్టన్‌ను ఒక్కదాన్నే తోయదు. అదే గదికి అటువైపు గోడ, అంటే సిలిండరు ముందు మూత ఉంది. దాన్ని ఆవిరి అంతే బలంతో ముందుకు తోస్తుంది. ఆ మూత సిలిండరుకు, సిలిండరు ఇంజను చట్రానికి బిగించి ఉన్నాయి. కాబట్టి చట్రాన్ని 30.7 టన్నులు ముందుకు నెడుతున్నాయి.

ఇక చక్రం సంగతి. పిన్ మీద 30.7 టన్నులు వెనక్కి పడుతున్నాయి. పిన్ ఇరుసుకు 356 మిల్లీమీటర్ల కింద ఉంది, పట్టా ఇరుసుకు 851 మిల్లీమీటర్ల కింద ఉంది. పిన్‌ను వెనక్కి తోస్తే చక్రం కింది అంచు పట్టాను వెనక్కి తోస్తుంది, పట్టా చక్రాన్ని ఘర్షణతో ముందుకు తోస్తుంది. ఈ రెండు దూరాల నిష్పత్తి 0.418. కాబట్టి పట్టా ఇచ్చే బలం 30.7లో 0.418 వంతు, సుమారు 12.8 టన్నులు. ఇప్పుడు చక్రం మీద వెనక్కి 30.7, ముందుకు 12.8 ఉన్నాయి. మిగిలిన 17.9 టన్నులను చక్రం, ఇరుసును చట్రంలో పట్టి ఉంచే యాక్సిల్ బాక్స్ ద్వారా చట్రం మీదికి వెనక్కి దింపుతుంది. చట్రానికి ముందుకు 30.7, వెనక్కి 17.9. తేడా 12.8 టన్నులు ముందుకే. పట్టా ఎంత ఇచ్చిందో అంతే.

చక్రం అర చుట్టు తిరిగి పిన్ ఇరుసుకు పైకి వచ్చాక కథ తిరగబడుతుంది. ఆవిరి వెనక గదిలో ఉంది, పిస్టన్ ముందుకు పోతూ పిన్‌ను ముందుకు లాగుతోంది, సిలిండరు వెనక మూత చట్రాన్ని వెనక్కి 30.7 టన్నులతో నెడుతోంది. పిన్ పైన ఉంది కాబట్టి ముందుకు లాగినా చక్రం తిరిగే దిశ మారదు. పట్టా మళ్లీ 12.8 టన్నులు ముందుకే ఇస్తుంది. ఈసారి యాక్సిల్ బాక్స్ మీద 30.7, 12.8 రెండూ కలిసి 43.5 టన్నులు ముందుకు పడతాయి. అందులోంచి మూత వెనక్కి నెట్టిన 30.7 తీసేస్తే, చట్రానికి మిగిలేది మళ్లీ 12.8 టన్నులు ముందుకు.

ప్రశ్నకు జవాబు ఇదే. పిస్టన్ ఎటు తోసినా, ఆ 30 టన్నుల పెనుబలం సిలిండరు మూతకూ యాక్సిల్ బాక్సుకూ మధ్య చట్రంలోనే ముడిపడిపోతుంది. బయటికి వచ్చేది పట్టా దగ్గరి ఘర్షణ ఒక్కటే, అది ఎప్పుడూ ముందుకే. యాక్సిల్ బాక్సుకు మాత్రం ఒకసారి 17.9 టన్నులు వెనక్కి, ఇంకోసారి 43.5 టన్నులు ముందుకు తప్పవు. నడిపే చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే జత రాడ్లు ఈ భారాన్ని మిగతా చక్రాలకు కొంత పంచుతాయి గనుక అసలు అంకెలు కాస్త మారతాయి, దెబ్బ తీరు మారదు. పాతబడిన ఇంజన్లలో యాక్సిల్ బాక్సులు వదులై, చక్రం తిరిగినప్పుడల్లా టంగుమని మోగడానికి కారణం ఇలా దిశ మార్చుకునే బలమే.

ఎప్పుడూ పైకే ఒత్తే క్రాస్‌హెడ్

పిస్టన్ కడ్డీ తిన్నగా పోతుంది, కనెక్టింగ్ రాడ్ ఊగుతుంది. ఈ రెండూ కలిసే చోట క్రాస్‌హెడ్ ఉంటుంది, అది గైడ్ బార్ల వెంట జారుతుంది. రాడ్ వాలుగా ఉన్నప్పుడల్లా క్రాస్‌హెడ్ మీద నిలువు బలం పుడుతుంది. లెక్క కోసం రాడ్ పొడవు క్రాంక్ పొడవుకు, అంటే ఇరుసు నుంచి పిన్ దాకా ఉన్న దూరానికి 7 రెట్లు అనుకుంటే, పిన్ సరిగ్గా కిందో పైనో ఉన్నప్పుడు ఈ పక్కబలం పిస్టన్ బలంలో సుమారు 14 శాతం. అంటే 4.4 టన్నులు.

ఇది ఎటు పడుతుందో చూడండి. పిస్టన్ వెనక్కి పోయేటప్పుడు పిన్ కింద ఉంటుంది. రాడ్ క్రాస్‌హెడ్ నుంచి కిందికి వాలి, ఒత్తిడికి లోనై ఉంటుంది. అది క్రాస్‌హెడ్‌ను పైకి తోస్తుంది. పిస్టన్ ముందుకు వచ్చేటప్పుడు పిన్ పైన ఉంటుంది, రాడ్ లాగుడులో ఉంటుంది. పైకి వాలిన రాడ్ క్రాస్‌హెడ్‌ను తనవైపు, అంటే మళ్లీ పైకే లాగుతుంది. ఆవిరి మీద ముందుకు నడిచినంతసేపూ క్రాస్‌హెడ్ పై గైడ్‌నే ఒత్తుతుంది. ఇంజనును వెనక్కి నడిపితే కింది గైడ్‌ను ఒత్తుతుంది. ఎక్స్‌ప్రెస్ ఇంజను జీవితమంతా దాదాపు ముందుకే పరుగెడుతుంది కాబట్టి, ఏ గైడ్ ముందు అరుగుతుందో ఊహించడానికి లెక్క కూడా అక్కర్లేదు.

ఆ 4.4 టన్నులు కూడా ఎక్కడో ముడిపడాలి. క్రాస్‌హెడ్ దగ్గర చట్రాన్ని పైకి ఎత్తే బలం, రాడ్ రెండో కొస దగ్గర చక్రాన్ని కిందికి నొక్కుతుంది. ఇంజను మొత్తం బరువు మారదు. ముందు స్ప్రింగులు కాస్త తేలికవుతాయి, నడిపే చక్రం పట్టా మీద కాస్త బరువెక్కుతుంది.

జేమ్స్ వాట్ కాలంలో ఇలాంటి తిన్నని గైడ్‌ను చెక్కడం చాలా కష్టమైన పని. మొదట్లో ఆయన యంత్రాల్లో పిస్టన్ ఒక దిశలోనే లాగేది, దానికి గొలుసు సరిపోయేది. రెండు వైపులా ఆవిరి పెట్టాక తోయడం కూడా అవసరమైంది. తోయడం గొలుసుకు చేతకాదు. అందుకే 1784లో ఆయన జారే భాగమే లేకుండా కేవలం కడ్డీల అమరికతో పిస్టన్ కడ్డీని దాదాపు తిన్నగా నడిపే ప్యారలల్ మోషన్‌కు పేటెంటు పొందారు. తన ఆవిష్కరణలన్నిటిలోకీ దాని గురించే ఎక్కువ గర్వపడతానని ఆయన చెప్పుకున్నారు. పక్కబలం పుట్టే చోటును తెలిసినవారికి ఆ గర్వం ఎంత న్యాయమైందో అర్థమవుతుంది.

ఒకే గీత, రెండు జవాబులు

చలనానికీ బలానికీ ఉన్న బంధాన్ని చూపే ఒక చిన్న నిర్మాణం ఉంది. ఇది నాకు ఈ విషయం మొత్తంలో అత్యంత అందమైనదిగా తోస్తుంది. కాగితం మీద పిస్టన్ దారిని అడ్డంగా గీసి, ఇరుసు కేంద్రం దగ్గర దానికి లంబంగా ఒక నిలువు గీత గీయండి. క్రాంకునూ కనెక్టింగ్ రాడ్‌నూ వాటి స్థానాల్లో గీసి, రాడ్ గీత ఆ నిలువు గీతను ఎక్కడ తాకుతుందో చూడండి. తాకకపోతే పొడిగించండి. ఇరుసు కేంద్రం నుంచి ఆ తాకిన చోటు దాకా ఉన్న పొడవును కొలవండి.

ఆ పొడవును చక్రం కోణీయ వేగంతో గుణిస్తే పిస్టన్ వేగం వస్తుంది. అదే పొడవును పిస్టన్ మీది బలంతో గుణిస్తే చక్రాన్ని తిప్పే భ్రామకం వస్తుంది. ఇది కాకతాళీయం కాదు. ఘర్షణను పక్కనపెడితే, పిస్టన్ దగ్గర లోపలికి వెళ్లిన సామర్థ్యమే చక్రం దగ్గర బయటికి రావాలి. బలం ఇంటూ వేగం ఒకవైపు, భ్రామకం ఇంటూ కోణీయ వేగం ఇంకోవైపు. రెండూ సమానం కావాలంటే మధ్యలో ఉన్న ఆ పొడవు ఒక్కటే కావాలి.

అప్పుడు డెడ్ సెంటర్ అనేది ఏదో యంత్రలోపంగా కనిపించదు. పిస్టన్ కొసకు చేరి ఆగిన క్షణంలో ఆ పొడవు సున్నా. వేగం సున్నా కాబట్టి భ్రామకమూ సున్నా. ఎంత ఆవిరి పెట్టినా చక్రం తిరగదు. సైకిలు పెడల్ సరిగ్గా పైన ఉన్నప్పుడు దాని మీద నిలబడి తొక్కినా సైకిలు కదలకపోవడం ఇలాంటిదే.

కార్ఖానాలో నిలబడి పనిచేసే యంత్రానికి ఈ క్షణాన్ని దాటించడానికి తన ఊపుతో తిరుగుతూనే ఉండే బరువైన చక్రాన్ని, పెద్ద ఫ్లైవీలును పెడతారు. రైలింజను నిలబడి ఉన్న చోటు నుంచే బరువు లాగాలి కాబట్టి ఆ ఉపాయం పనికిరాదు. అందుకే రెండు పక్కల క్రాంకులనూ ఒకదానికొకటి 90 డిగ్రీల ఎడంతో బిగిస్తారు. ఒకటి డెడ్ సెంటర్‌లో చిక్కుకుంటే రెండోది నిండు బలంతో ఉంటుంది. సిలిండర్లలో పీడనం నిండుగా ఉందనుకుని, రాడ్ వాలును లెక్కలోంచి తీసేస్తే, పట్టా దగ్గరి లాగుడు ఒక చుట్టులో 12.8 నుంచి 18.1 టన్నుల దాకా నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది. సగటు 16.3. పుస్తకాల్లో ఈ ఇంజనుకు సుమారు 13.9 టన్నులని రాసి ఉంటుంది. సిలిండర్లలో సగటు పీడనం బాయిలరు పీడనంలో 85 శాతం ఉంటుందని కట్టే లెక్క అది. బయల్దేరేటప్పుడు చక్రాలు ఉన్నట్టుండి గిర్రున జారేది సగటు దగ్గర కాదు, ఆ 18 టన్నుల శిఖరం దగ్గర. సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటరును డ్రైవరు అంత మెల్లగా తెరిచేది, చక్రం కింద ఇసుక రాల్చేది ఆ శిఖరాన్ని దాటించడానికే.

ఏ క్షణంలో ఏ గదికి ఆవిరి పంపాలో నిర్ణయించే వాల్‌షేర్ట్ వాల్వ్ గేరు గురించి చెప్పాలంటే మరో వ్యాసం కావాలి. ఇక్కడికి ఒక్క మాట చాలు. క్రాంక్ పిన్‌కు తగిలించిన చిన్న క్రాంక్ నుంచి ఒక చలనాన్నీ, క్రాస్‌హెడ్ నుంచి మరో చలనాన్నీ తీసుకుని, ఆ రెంటినీ కలిపి అది వాల్వును నడుపుతుంది.

వేగం పెరిగాక

ఇప్పటిదాకా ఇంజను మెల్లగా కదులుతోంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఏమవుతుంది? చక్రం నిమిషానికి దాదాపు 312 చుట్లు తిరుగుతుంది. పిస్టన్ సెకనుకు పదిసార్లకు పైగా పూర్తిగా ఆగి వెనుదిరుగుతుంది. రెండు ఆగుళ్ల మధ్య దాని గరిష్ఠ వేగం సెకనుకు 11.7 మీటర్లు, అంటే గంటకు 42 కిలోమీటర్లు.

ఆగడం, వెనుదిరగడం అంటే త్వరణం. అది కొసల దగ్గరే ఎక్కువ. క్రాంక్ త్రిజ్యను కోణీయ వేగం వర్గంతో గుణిస్తే సెకను వర్గానికి 379 మీటర్లు వస్తుంది. రాడ్ క్రాంకుకు 7 రెట్లే ఉన్నందువల్ల ముందుకొస దగ్గర ఇది ఏడో వంతు పెరిగి 433, వెనకకొస దగ్గర ఏడో వంతు తగ్గి 325 అవుతుంది. రెండు కొసలకూ ఈ తేడా ఎందుకంటే, పిన్ సరిగ్గా కిందో పైనో ఉన్నప్పుడు పిస్టన్ సగం దూరంలో ఉండదు. రాడ్ వాలడం వల్ల అది సగం దాటి సుమారు 25 మిల్లీమీటర్లు వెనక్కి వచ్చేసి ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పిస్టన్ ముందు సగంలో 172 డిగ్రీల సేపే గడుపుతుంది, వెనక సగంలో 188 డిగ్రీల సేపు. ముందువైపు తొందరగా తిరగాలి గనుక అక్కడ త్వరణం ఎక్కువ.

పిస్టన్, దాని కడ్డీ, క్రాస్‌హెడ్, రాడ్‌లో ముందుకీ వెనక్కీ ఆడే వాటా కలిపి 400 కిలోలు ఉన్నాయనుకుందాం. ముందుకొస దగ్గర వాటిని వెనక్కి తిప్పడానికే 17.7 టన్నుల బలం కావాలి. ఆవిరి అక్కడ 30 టన్నులు తోసినా రాడ్‌కు చేరేది సుమారు 13 టన్నులే.

మిగిలినదంతా వృథా అయినట్టు కనిపిస్తుంది గానీ, కాలేదు. మొదటి సగంలో భాగాలను పరుగెత్తించడానికి ఖర్చయిన పని, రెండో సగంలో అవి నెమ్మదించేటప్పుడు తిరిగి రాడ్‌కు చేరుతుంది. పైగా వేగంగా పోయేటప్పుడు ఆవిరి రాకను స్ట్రోకు (పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు చేసే ప్రయాణం) మొదట్లోనే ఆపేస్తారు, తర్వాత అది వ్యాకోచిస్తూ బలహీనపడుతుంది. మొదట మిక్కిలిగా ఉన్న బలాన్ని జడత్వం దాచి, చివర లోటు పడ్డప్పుడు ఇస్తుంది. మితంగా ఉన్నంతవరకు చక్రం మీద తిప్పుడు బలాన్ని అది నిజంగానే నునుపు చేస్తుంది.

చిక్కు మరోచోట వచ్చింది. చట్రంలో బలం ముడిపడిందని చెప్పుకున్నాం. సిలిండరు మూత మీద 30 టన్నులు ముందుకు పడ్డాయి, కానీ యాక్సిల్ బాక్స్ వైపు వచ్చినవి 13 టన్నులే. మధ్యలో పిస్టన్‌ను కదిలించడానికి పోయిన 17.7 టన్నులకు బదులు ఇచ్చేవారు లేరు. ముడి విడిపోయింది. ఆ 17.7 టన్నులు చట్రాన్ని ముందుకు కుదుపుతాయి, అర చుట్టు తర్వాత 13.3 టన్నులు వెనక్కి కుదుపుతాయి. సిలిండర్లు రెండు పక్కలా ఉండి వేర్వేరు క్షణాల్లో కుదుపుతాయి కాబట్టి ఇంజను ముక్కు కుడి ఎడమలకు కూడా తిరగజూస్తుంది.

బరువు పెడితే తీరేదా?

చక్రం ఆకుల మధ్య నెలవంక ఆకారంలో కనిపించే నిండు ఇనుము ఈ చిక్కుకు మందు. క్రాంక్ పిన్, జత రాడ్లు వంటి గుండ్రంగా తిరిగే భాగాలను ఇది పూర్తిగా సరితూచగలదు. అవి తిరుగుతాయి, ఇదీ ఎదురుగా తిరుగుతుంది. ముందువెనకలాడే భాగాల విషయంలో మాత్రం మందే కొత్త జబ్బు తెస్తుంది. అవి అడ్డంగానే కుదుపుతాయి, ఎదురు బరువు అన్ని దిక్కులకూ లాగుతుంది. అడ్డంగా ఎంత కుదుపును చంపితే అంత బలం నిలువుగా పుడుతుంది. ఒక బలాన్ని 90 డిగ్రీలు తిప్పి వేరే చోట పెట్టినట్టయింది, అంతే.

ఆ నిలువు బలం నెలవంక పైకి వచ్చినప్పుడు పట్టాను తేలిక చేస్తుంది, కిందికి వచ్చినప్పుడు కొడుతుంది. ఇంజనీర్లు దీన్ని హ్యామర్ బ్లో అంటారు. మన ఉదాహరణలో 400 కిలోలలో 40 శాతాన్ని సరితూచాలని నిర్ణయించి, ఆ 160 కిలోలను ఒక పక్కనున్న మూడు చక్రాలకూ పంచితే, 100 కిలోమీటర్ల వేగం దగ్గర ఒక్కో చక్రం కింద పట్టా మీది బరువు రెండు టన్నుల మేర పెరిగి తగ్గుతూ ఉంటుంది, సెకనుకు ఐదుసార్లు. ఇది వేగం వర్గంతో పెరుగుతుంది. 50 కిలోమీటర్ల దగ్గర అర టన్నే.

పట్టాకు రెండు టన్నులు పెద్ద లెక్క కాకపోవచ్చు. వంతెనకు అవుతుంది. ఇంజను వంతెన మీద ఉన్నంతసేపూ ఆ దెబ్బలు ఒకే లయలో పడతాయి. ఆ లయ వంతెన సహజ కంపనంతో కలిసిందంటే ఊపు పెరుగుతూ పోతుంది. బ్రిటన్‌లో 1923లో సర్ ఆల్‌ఫ్రెడ్ ఈవింగ్ అధ్యక్షతన ఏర్పడిన బ్రిడ్జ్ స్ట్రెస్ కమిటీ నిజమైన వంతెనల మీద ఇంజన్లను నడిపి దీన్ని కొలిచి, 1928లో నివేదిక ఇచ్చింది. ఇంజను బరువొక్కటే చూసి వంతెనకు పనికొస్తుందో లేదో తేల్చే పద్ధతి ఎంత తప్పో ఆ కొలతలు చూపించాయి. బరువు ఎక్కువైనా బాగా సరితూచిన నాలుగు సిలిండర్ల ఇంజను, తక్కువ బరువుండి గట్టిగా కొట్టే రెండు సిలిండర్ల ఇంజను కంటే వంతెనకు మేలు చేయగలదు.

రాడ్ పొడవు వల్ల కొసల మధ్య వచ్చిన తేడా చక్రం ఒక చుట్టుకు రెండుసార్లు మారే బలం. చుట్టుకు ఒక్కసారే తిరిగే నెలవంక దాన్ని తాకనైనా తాకలేదు. అదృష్టవశాత్తు క్రాంకులు 90 డిగ్రీల ఎడంతో ఉన్నప్పుడు రెండు పక్కల ఈ బలాలు ఎదురెదురై కొట్టుకుపోతాయి, ముక్కును ఊపే ప్రభావం కొంత మిగులుతుంది.

మూడు సిలిండర్లు పెట్టి క్రాంకులను 120 డిగ్రీల ఎడంతో అమరిస్తే ముందువెనక కుదుపు కూడా దాదాపు తనంతట తానే పోతుంది. కానీ మూడో సిలిండరు చక్రాల మధ్య దూరాలి, దాని కోసం ఇరుసునే క్రాంకులా వంచాలి. ఆ ఇరుసు ఖరీదెక్కువ, పగుళ్ల భయం ఎక్కువ. నూనె పోయాలన్నా బేరింగు చూడాలన్నా మనిషి ఇంజను కిందికి దూరాలి. డబ్ల్యూపీని రూపొందించినవారు రెండు సిలిండర్లనే ఎంచుకుని, రెంటినీ బయటే ఉంచారు. పట్టా మీద పడే దెబ్బ ఎంత, చట్రంలో భరించే కుదుపు ఎంత అనే బేరాన్ని నెలవంక బరువుతోనే తేల్చుకున్నారు. షెడ్డులో ప్రతి పూటా ఆ భాగాలకు నూనె పోసి, వదులు చూసి, బిగించాల్సిన మనుషుల వైపు నుంచి చూస్తే అది సరైన ఎంపికే అంటాను.